నిర్మాణం అనే మాట – దాని తూకం

ఈ కాలపు పరిశోధనా గ్రంథాలలో ‘నిర్మాణం’ అనే మాట కనిపించని పుట అరుదు. రసాయన శాస్త్రజ్ఞుడు అణువు నిర్మాణం అంటాడు. భాషా శాస్త్రజ్ఞుడు వాక్య నిర్మాణం అంటాడు. సమాజ శాస్త్రజ్ఞుడు కుటుంబ నిర్మాణమనీ, అర్థశాస్త్రజ్ఞుడు మార్కెట్టు నిర్మాణమనీ అంటారు. ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు చదివేవారికి సూరాల నిర్మాణం అనే మాట కూడా కొత్తది కాదు. ఇన్ని శాస్త్రాలు ఒకే మాటను వాడుతున్నాయి గనుక అవన్నీ ఒకే సంగతి చెబుతున్నాయన్న అభిప్రాయం చదువరిలో తెలియకుండానే ఏర్పడుతుంది. ఆ తరువాతి మెట్టు మరీ సులభం. ప్రకృతిలో నిర్మాణం ఉన్నది, భాషలో ఉన్నది, దివ్యగ్రంథంలో ఉన్నది, కనుక సమాజంలో ఇప్పుడున్న నిర్మాణం కూడా సహజమైనదేనని ఒకరు వాదిస్తారు. నిర్మాణమే చెడ్డది, అందులో మసలే మనిషి నిమిత్తమాత్రుడని మరొకరు వాదిస్తారు. ఇద్దరికీ ఆధారం ఆ ఒక్క మాటే.

ఆ మాట ఎంత బరువు మోయగలదో తూచి చూడవలసి ఉన్నది. అందుకు తూకమే వృత్తిగా ఉన్న చోటు ఒకటి తెలుగు నేల మీదనే ఉన్నది. అది వరంగల్లులోని ఎనుమాముల.

యార్డులో నిర్మాణం ఏది?

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరు పొందినది. పత్తి, మిర్చి, పసుపు, మొక్కజొన్న ఇక్కడికి వస్తాయి. మిర్చి కాలంలో యార్డు అంతా ఎర్రని బస్తాలతో నిండిపోతుంది. ‘వరంగల్ చపాటా’ అనే లావుపాటి మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కొత్తవాడు ఎవరైనా వచ్చి ఈ మార్కెట్టు నిర్మాణాన్ని వర్ణించమంటే షెడ్లు, గోదాములు, కాంటాలు, గేట్లు లెక్కపెడతాడు. కాని షెడ్డు కూలినా ఆరుబయట అదే మార్కెట్టు నడుస్తుంది. కనుక మార్కెట్టు నిర్మాణం షెడ్లలో లేదు.

మరి ఎక్కడ ఉన్నది? మనుషుల మధ్య సంబంధాలలో ఉన్నది. సరుకు తెచ్చే రైతు, అతని పక్షాన అమ్మిపెట్టే అడ్తిదారు, కొనే ఖరీదుదారు, తూచే దడ్వాయి, మోసే హమాలీ, చాటతో చెరిగి ఎత్తే కూలీ స్త్రీ, లెక్క రాసే గుమాస్తా, చివరకు రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ. వీరిలో ఏ ఒక్కరి పేరు మారినా మార్కెట్టు మారదు. వీరి మధ్య ఉన్న వరుస మారితే మారుతుంది.

జెండా పాటనే తీసుకోవచ్చు. ఉదయాన ఒక మేలైన రాశి దగ్గర ఖరీదుదారులు గుమిగూడి పాట పాడతారు. అక్కడ పలికిన ధర ఆ రోజుకు జెండా ధర. మిగిలిన రాశులను దానితో పోల్చి, తేమ, రంగు, తాలు చూసి, ధర కడతారు. ఎక్కువ భాగం సరుకు జెండా ధర కంటె తక్కువకే పోతుంది. ఇంటి దగ్గర విన్న ధర ఒకటి, తక్‌పట్టీలో కనిపించిన ధర ఒకటి అన్న రైతు ఫిర్యాదు జెండా పాట ఉన్న ప్రతి చోటా వినిపించేదే. ఇక్కడ ఒక మనిషి అబద్ధం చెప్పవలసిన పని లేదు. అత్యుత్తమమైన రాశి ధరను అన్నిటికీ గుర్తుగా నిలపడమనే అమరికలోనే ఆ దూరం పుడుతుంది. దీనిని నిర్మాణం అనడం న్యాయమే.

అంతకంటె లోతైన ముడి మరొకటి ఉన్నది. తెలుగు నేల మీద అనేక చోట్ల విత్తనాలకూ ఎరువులకూ రైతుకు అప్పు ఇచ్చేది అడ్తిదారే. అప్పు తీసుకున్నవాడు పంటను అతని దగ్గరికే తేవాలన్న మాట కాగితం మీద ఉండకపోవచ్చు, అయినా నడుస్తుంది. 1970లలో అమిత్ భాదురి, కృష్ణా భరద్వాజ్ వంటి అర్థశాస్త్రజ్ఞులు ఈ సంగతినే పరిశీలించి, అప్పు మార్కెట్టూ సరుకు మార్కెట్టూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు రైతు రెంటిలోనూ బేరమాడే శక్తి కోల్పోతాడని చూపారు. విడివిడిగా చూస్తే అప్పు అప్పే, అమ్మకం అమ్మకమే. పెనవేతను చూడకపోతే సమస్యే కనిపించదు.

చట్టం చేసిన పని కూడా ఈ దృష్టితో అర్థమవుతుంది. నిజాం రాజ్యంలో 1930లో వచ్చిన హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం, ఆ తరువాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం బహిరంగ వేలం, లైసెన్సు, సరైన తూకం, కమిటీ పర్యవేక్షణ అనే సంబంధాలను నిర్ణయించాయి. 2016 ఏప్రిల్‌లో జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా ఇ–నామ్, మొదలై కంప్యూటరులో ధరలు వేసే పద్ధతి వచ్చింది. 2020 సెప్టెంబరులో యార్డు వెలుపల స్వేచ్ఛగా కొనవచ్చునన్న కేంద్ర చట్టం వచ్చి, రైతుల ఉద్యమం తరువాత 2021 చివర రద్దయింది. వీటిలో ప్రతిదానినీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఇది షెడ్డును మార్చిందా, సంబంధాన్ని మార్చిందా? అప్పు ముడి అలాగే ఉండి, చీటీ స్థానంలో కంప్యూటరు వచ్చినంత మాత్రాన నిర్మాణం మారిందనలేము.

ఎనుమాముల నేర్పే తొలి పాఠం ఇది: నిర్మాణం అంటే భాగాలు కావు, భాగాల మధ్య సంబంధం. దేనిని తీసివేస్తే మొత్తం మారుతుందో అదే నిర్మాణంలో భాగం. తీసివేసినా ఏమీ మారనిది అలంకారం.

ఒక్కో శాస్త్రానికి ఒక్కో పరీక్ష

ఈ పాఠం ఇతర శాస్త్రాలలోనూ నిలుస్తుంది. కాని పరీక్షించే విధానం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. సాధారణంగా వ్యాసకర్తలు మరచిపోయేది ఈ రెండవ సంగతినే.

యార్డుకు కొద్ది మైళ్ళ దూరంలో హనుమకొండలో 1163లో కట్టిన వేయి స్తంభాల గుడి ఉన్నది. దాని ఎదుటి మండపం శిథిలమవుతున్నందున రాళ్ళను విప్పి, మళ్ళీ యథాస్థానాలలో నిలిపే పని సంవత్సరాల తరబడి సాగి, 2024 మార్చిలో మండపం తిరిగి తెరుచుకున్నది. ఆ నడిమి కాలంలో స్తంభాలూ దూలాలూ ఉన్నాయి, మండపం లేదు. రాయి ఉన్నంత మాత్రాన కట్టడం ఉన్నట్లు కాదని ఇంతకంటె స్పష్టంగా చెప్పలేము. ఇక్కడ పరీక్ష బరువు. తప్పు పేర్చితే నేల కూలుతుంది, వాదనకు తావుండదు.

రసాయన శాస్త్రంలోనూ అంతే. రెండు కార్బన్, ఆరు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులను ఒక వరుసలో కలిపితే ఇథైల్ ఆల్కహాలు అవుతుంది. మద్యంలో మత్తు కలిగించేది అదే. అవే తొమ్మిది పరమాణువులను మరో వరుసలో కలిపితే డైమిథైల్ ఈథర్ అవుతుంది. అది మామూలు వేడిమిలో ద్రవం కూడా కాదు, వాయువు. భాగాలు ఒకటే, లెక్క ఒకటే, వస్తువులు రెండు. మరిగే ఉష్ణోగ్రత కొలిచి ఏది ఏదో ఎవరైనా తేల్చవచ్చు.

రాయీ అణువూ పెట్టే పరీక్షలు ఇంత కఠినమైనవి గనుకనే ‘నిర్మాణం’ అనే మాటకు గౌరవం ఏర్పడింది. ఆ గౌరవాన్ని ఇతర శాస్త్రాలు అరువు తెచ్చుకున్నాయి. అరువు తప్పు కాదు. అయితే మాటను తెచ్చుకున్నవారు దానితోపాటు పరీక్షను కూడా తెచ్చుకున్నారా అన్నది చూడాలి.

బంధుత్వ శాస్త్రంలో ఇది తేటగా కనిపిస్తుంది. క్లాడ్ లెవీ–స్ట్రాస్ అనే ఫ్రెంచి పండితుడు 1949లో ప్రచురించిన గ్రంథంలో వివాహ నియమాలను ఒక నిర్మాణంగా వివరించాడు. ఒక కుటుంబం తన ఆడపిల్లను మరొక కుటుంబానికి ఇచ్చి, అటు నుంచి తెచ్చుకోవడమే సమాజాన్ని కట్టి ఉంచే సంబంధమని అతని సిద్ధాంతం. తెలుగువారి మేనరికం దీనికి చక్కగా ఒదుగుతుంది. మేనమామ కూతురు మరదలు. పినతండ్రి కూతురు చెల్లెలు. తెలుగు బంధువాచకాలే ఆ నియమాన్ని చెబుతాయి. కాని అదే ఊరి ముస్లిం కుటుంబంలో చిన్నాన్న కూతురితో పెళ్ళికి షరీఅత్‌లో అడ్డు లేదు. అరబ్బు సమాజంలో అది ఆదరణ గల సంబంధం కూడా. ఇచ్చిపుచ్చుకోవడమే వివాహానికి మూలమైతే, సొంత ఇంటిలోనే జరిగే ఈ పెళ్ళికి అర్థమేమిటి? ఈ ప్రశ్న ఆ సిద్ధాంతానికి చిరకాలం కొరకరాని కొయ్యగానే నిలిచింది. లెవీ–స్ట్రాస్ సిద్ధాంతం పనికిరానిదని దీని భావం కాదు. అది కొన్ని సమాజాలను గొప్పగా వివరించింది. మానవజాతి అంతటికీ అదే నిర్మాణమన్నప్పుడు పక్క ఇల్లే దానికి అడ్డు చెప్పింది.

మాటల దండ

భాష విషయానికి వస్తే ఈ పత్రిక పాఠకులకు పరిచయమైన ఒక ఉదాహరణ ఉన్నది. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తొలిసారిగా అనువదించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయనే 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’ ప్రచురించి, తెలుగు ప్రాకృతం నుంచి పుట్టినదని వాదించారు. తెలుగులో సంస్కృత ప్రాకృత పదాలు అపారంగా ఉన్నందున ఆ వాదానికి బలం ఉన్నట్లే కనిపించింది. కాని 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్‌వెల్ చూపినది మరొకటి. అరువు మాటలను పక్కన పెట్టి, ధాతువులు, సర్వనామాలు, సంఖ్యలు, క్రియారూపాలు ఒకదానితో ఒకటి కలిసే తీరును చూస్తే తెలుగు తమిళ కన్నడాల సోదరి. పండితలోకం ఈ పక్షాన్నే స్వీకరించింది. మాటల రాశి ఒకవైపు చూపుతుంటే, మాటల కూర్పు మరొకవైపు చూపింది. నారాయణరావు గారి పాండిత్యం పట్ల గౌరవం తగ్గించకుండానే ఈ సంగతి చెప్పవచ్చు.

కూర్పు అనే ఈ తెలుగు మాట గమనించదగినది. అరబ్బీలో ‘నజ్మ్’ అంటే ముత్యాలను దారాన కూర్చడం. హిజ్రీ 471 (క్రీ.శ. 1078)లో మరణించిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ తన ‘దలాయిలుల్ ఏజాజ్’లో ఖుర్ఆన్ అద్వితీయత విడి పదాలలో లేదనీ, విడి భావాలలోనూ లేదనీ, నజ్మ్‌లో ఉన్నదనీ స్థాపించాడు. పదాలు వ్యాకరణ సంబంధాలను బట్టి ఒకదాని పక్కన ఒకటి ఎందుకు, ఎలా నిలిచాయన్నదే ఆయన విచారణ. ‘నిర్మాణం’ అనే తెలుగు మాట కట్టే పనినీ, కట్టిన వస్తువునూ, అందులోని అమరికనూ కలిపివేస్తుంది. నజ్మ్‌కు ‘కూర్పు’ అన్న అనువాదం అందుకే మేలైనది.

ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులలో పలువురు జుర్జానీని స్విట్జర్లాండు భాషావేత్త సొస్యూర్ పక్కన నిలిపారు. ఉర్దూలో గోపీచంద్ నారంగ్ 1993లో వెలువరించిన గ్రంథం ‘సాఖ్తియాత్’ అనగా నిర్మాణవాదాన్ని ప్రాచ్య అలంకార శాస్త్రాలతో కలిపి చర్చించింది. పోలిక చూపడం మంచిదే. కాని సొస్యూర్ ఎనిమిది శతాబ్దాల తరువాత చెప్పినదే జుర్జానీ ముందే చెప్పాడన్న గర్వం పోలికను చెడగొడుతుంది. 1916లో శిష్యులు ప్రచురించిన సొస్యూర్ ఉపన్యాసాల విషయం భాష అనే సామాజిక వ్యవస్థ. అందులో ప్రతి గుర్తుకూ ఇతర గుర్తులతో ఉన్న తేడా వల్లనే విలువ. మాట్లాడేవాడి ఎంపిక ఆయన దృష్టిలో వేరు విషయం. జుర్జానీ విషయం సరిగ్గా ఆ ఎంపికే. ఈ మాటను ఇక్కడే ఎందుకు ఉంచారు, వెనుక ఉంచితే అర్థం ఎలా మారేది అన్నదే ఆయన ప్రశ్న. ఇద్దరూ సంబంధాలను చూశారు. చూసిన సంబంధాలు వేరు.

ఈ తేడా అనువాదకుడి బల్ల మీద మరీ స్పష్టం. ఫాతిహా సూరా అయిదో ఆయతులో అరబ్బీ కర్మపదం క్రియకు ముందు వచ్చింది. అరబ్బీలో అది మామూలు వరుస కాదు గనుక, ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే అన్న పరిమితి అర్థం అందులో నుంచి వస్తుందని ముఫస్సిర్లు వివరించారు. తెలుగులో కర్మ క్రియకు ముందు రావడం రోజువారీ వరుస. అరబ్బీ వరుసను ఉన్నదున్నట్లు తెలుగులో దించితే వరుస దక్కుతుంది, అర్థం జారిపోతుంది. ఆ బరువును తెలుగులో మోసేది ‘నిన్నే’ అన్న మాట చివరి ఏకారం. ఒక భాషలో స్థానం చేసే పనిని మరో భాషలో ఒక్క అచ్చు చేస్తున్నది. పైకి కనిపించే అమరికను మోసుకుపోయినవాడు నిర్మాణాన్ని మోసుకుపోయినట్లు కాదు.

సూరాల కూర్పు

ఇక అన్నిటికంటె జాగ్రత్త అవసరమైన చోటు ఖుర్ఆన్ నజ్మ్. ఆయతుల మధ్య, సూరాల మధ్య సంబంధం వెదకడం పాత విద్యే. హిజ్రీ 885 (1480)లో మరణించిన బిఖాయీ రచన ‘నజ్ముద్ దురర్’ మొత్తం దీని మీదనే సాగింది. యెమెన్ పండితుడు షౌకానీ (మరణం 1834) దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. వేర్వేరు సందర్భాలలో, ఇరవై మూడు సంవత్సరాల కాలంలో అవతరించిన ఆయతులకు వరుస సంబంధం కల్పించడం బలవంతపు వ్యాఖ్యకు దారి తీస్తుందని ఆయన భయం.

దానికి భారతదేశం నుంచి సమర్థమైన సమాధానం చెప్పినవాడు హమీదుద్దీన్ ఫరాహీ (1863–1930). ఆయన 1910లలో హైదరాబాదు దారుల్ ఉలూమ్‌కు ప్రిన్సిపాలుగా పనిచేసిన కారణంగా తెలుగు నేలకు కూడా ఆయనతో బంధమున్నది. ప్రతి సూరాకూ ఒక ‘అమూద్’ ఉంటుందని ఆయన సిద్ధాంతం. అమూద్ అంటే స్తంభం. సూరాలోని విషయాలన్నీ దానిని ఆనుకొని నిలుస్తాయి. శిష్యుడు అమీన్ అహ్‌సన్ ఇస్లాహీ (1904–1997) ‘తదబ్బురె ఖుర్ఆన్’లో దీనిని విస్తరించి, సూరాలు జంటలుగా, ఏడు సముదాయాలుగా కూర్చబడి ఉన్నాయని వివరించాడు. సంకలన క్రమం అవతరణ క్రమం కాకపోవడమే ఆ క్రమానికి ఒక ఉద్దేశం ఉన్నదనడానికి సాక్ష్యమన్నది ఈ పక్షం వాదన.

ఫరాహీ బలం సౌష్ఠవం కనిపెట్టడంలో లేదు, పరీక్షకు ఒప్పుకోవడంలో ఉన్నది. నజ్మ్ ఆయనకు వ్యాఖ్యాన సాధనం. ఒక ఆయతుకు అయిదారు అర్థాలు సాధ్యమైనప్పుడు, ముందువెనుకల కూర్పుకు సరిపడేది ఏదో అదే గ్రాహ్యమంటాడు. అంటే నజ్మ్ ఏదో ఒక పని చేయాలి. కొన్ని అర్థాలను కాదనాలి. కాదనడానికి చేతగాని నజ్మ్ అలంకారం మాత్రమే. ఆయన ఎంచుకున్న అమూద్ ప్రతి చోటా సరైనదేనా అన్నది వేరే ప్రశ్న. ఒకే సూరాకు ఇద్దరు పండితులు రెండు అమూద్‌లు చూపవచ్చు. షౌకానీ హెచ్చరిక ఇప్పటికీ కాలం చెల్లినది కాకపోవడానికి కారణం అదే. అయినా, తప్పయితే తప్పని చూపగల విధంగా చెప్పిన మాటతోనే వాదించడం సాధ్యం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అదే శతాబ్దంలో కనిపించింది. అమెరికాలో రషాద్ ఖలీఫా 1974 నుంచి ఖుర్ఆన్ అక్షరాలలోనూ పదాలలోనూ పందొమ్మిది సంఖ్య మీద కట్టిన గణిత నిర్మాణం ఉన్నదని ప్రచారం చేశాడు. మొదట అనేకమంది ముస్లింలు సంతోషించారు. కంప్యూటరు సాక్ష్యం అన్నమాట వారికి ధైర్యమిచ్చింది. కాని లెక్క కుదరని చోటు వచ్చినప్పుడు అతడు లెక్కను వదలలేదు. తౌబా సూరాలోని చివరి రెండు ఆయతులు ఖుర్ఆన్‌లోనివి కావన్నాడు. టోపీకి తగ్గట్టు తల చెక్కుకున్నట్లయింది. తొలినాడు చప్పట్లు కొట్టినవారు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండెను: ఈ సంఖ్య ఏ ఆయతు అర్థాన్ని స్పష్టం చేస్తున్నది? దేనినీ కాదు. అర్థంతో సంబంధం లేని లెక్కను గ్రంథ నిర్మాణం అని పిలవడంతోనే దారి తప్పింది.

ఇటీవలి కాలంలో సూరాలలో వలయాకారపు కూర్పు చూపే రచనలు పశ్చిమ దేశాలలో ఎక్కువయ్యాయి. మొదటి భాగం చివరి భాగానికీ, రెండవది చివరి నుంచి రెండవదానికీ అద్దం పట్టినట్లు ఉంటాయని ఆ పరిశోధకులు చెబుతారు. వీటిని విన్న వెంటనే తిరస్కరించడమూ, మురిసిపోవడమూ రెండూ తొందరపాటే. ఫరాహీ పెట్టిన పరీక్షే వీటికీ పెట్టాలి. భాగాలను విడగొట్టిన గీతలు గ్రంథం చూపినవా, పరిశోధకుడు గీసినవా? వలయం చూసిన తరువాత ఏ ఆయతు ఇంతకుముందు కంటె స్పష్టంగా అర్థమైంది?

పోలికకు నియమం

ఒక శాస్త్రంలోని నిర్మాణ భావనను మరో శాస్త్రానికి తేవడం అసలే కూడదా? కూడుతుంది. అయితే పోలికకు ఒక క్రమశిక్షణ కావాలి. ఆ క్రమశిక్షణ మదరసా విద్యార్థికి ఉసూలె ఫిఖ్హ్ పాఠంలోనే దొరుకుతుంది. ఖియాస్‌లో నాలుగు అంగాలు: మూల విషయం, కొత్త విషయం, తీర్పు, రెంటికీ సమానమైన ఇల్లత్ అనగా కారణం. పైరూపం కలిసినంత మాత్రాన ఖియాస్ కాదు, ఇల్లత్ కలవాలి. కీలకమైన తేడా ఉండగా చేసిన పోలికను ‘ఖియాస్ మఅల్ ఫారిఖ్’ అని ఫుఖహా త్రోసిపుచ్చారు. అణువుకు నిర్మాణమున్నది, సమాజానికీ నిర్మాణమున్నది, కనుక అణువు వలెనే సమాజమూ మార్చరానిదన్న వాదం సరిగ్గా అటువంటిది. అణువులో భాగాలు ఎంచుకోవు. మనుషులు ఎంచుకుంటారు.

ఎనుమాముల వద్దనే ఈ నియమాన్ని పరీక్షించవచ్చు. బజారుకు సరుకుతో వస్తున్న బిడారును దారిలోనే ఎదుర్కొని కొనవద్దని దైవప్రవక్త (స) నిషేధించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. ముస్లిం సంకలనంలోని ఉల్లేఖనం ప్రకారం, అలా అమ్మినవాడు బజారుకు వచ్చి ధర తెలుసుకున్న తరువాత బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కలిగి ఉంటాడు. 2020 చట్టంపై చర్చలో యార్డు వెలుపలి కొనుగోలు అంతా ఈ హదీసు కింద నిషిద్ధమేనని ఎవరైనా అంటే, అది పైరూపాన్ని చూసి చేసిన పోలిక. ఆ రద్దు హక్కే ఇల్లత్ ఎక్కడున్నదో చూపుతుంది. అమ్మేవాడికి బజారు ధర తెలియకపోవడమే మూలం. కల్లం దగ్గర ఫోనులో జెండా ధర చూసుకున్న రైతు స్థితి వేరు. కాని ధర తెలిసినా, అప్పు ముడి వల్ల మరొకరికి అమ్మలేని రైతు యార్డు నడిబొడ్డున నిలబడినా స్వేచ్ఛ గలవాడు కాడు. స్థలం అక్కడ నిర్మాణం కాదు. తెలివిడి, స్వేచ్ఛ నిర్మాణం.

ఆ రెండవ స్థితికి సమీపంలో నిలిచే హదీసు మరొకటి ఉన్నది. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలోని ఆ ఉల్లేఖనం అప్పునూ అమ్మకాన్నీ ఒకదానికొకటి షరతుగా ముడివేయడాన్ని నిషేధించింది. అప్పు ఇవ్వడం పుణ్యం. అమ్మకం హలాల్. రెండు ధర్మసమ్మతమైన పనులు షరతుతో కలిసినప్పుడు నిషిద్ధమయ్యాయి. ఎందుకంటే అప్పు లాభం ధరలో దాగి వస్తుంది. వడ్డీ పేరు మార్చుకుంటుంది. నిర్మాణమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన ఉదాహరణ ఆధునిక గ్రంథాలలోనూ అరుదు. భాగాలలో దోషం లేదు, కూర్పులో ఉన్నది. అప్పు, సరుకు మార్కెట్ల పెనవేత గురించి 1970లలో అర్థశాస్త్రజ్ఞులు చెప్పినదానికీ దీనికీ ఇల్లత్ కలుస్తున్నది: అప్పు బలంతో ధర నిర్ణయించడం. కనుక ఈ పోలిక నిలుస్తుంది.

నిలిచిన పోలిక కూడా ఒక తేడాను దాచరాదు. అర్థశాస్త్రజ్ఞుడు పెనవేతను వివరించి ఆగుతాడు. హదీసు ముడివేసినవాడితో మాట్లాడుతుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర కట్టమని కోరితే దైవప్రవక్త (స) నిరాకరించారు. దానిని పట్టుకొని బజారులో జోక్యమే కూడదన్నవారు ఉన్నారు. ఇబ్నె తైమియా (మరణం 1328) ‘అల్ హిస్బా’లో ఆ సందర్భాన్ని విడదీసి చూపాడు. సరుకు కొరత వల్ల పెరిగిన ధర వేరు. కొందరు కుమ్మక్కై ఇతరులకు చోటు లేకుండా చేసి కట్టిన ధర వేరు. రెండవ చోట న్యాయమైన ధరకు కట్టుబడేలా చేయడం పాలకుని విధి అన్నాడు. నిర్మాణం ఉన్నదని గుర్తించిన తరువాత కూడా, దానిని కట్టిన చేతులు ఎవరివన్న విచారణ ఆయన వదలలేదు.

నేటి రచనలలో ‘నిర్మాణం’ అనే మాట చేస్తున్న అపకారం ఇక్కడే. ‘అది మార్కెట్టు నిర్మాణం, ఎవరు మాత్రం ఏమి చేస్తారు’ అన్న వాక్యం శాస్త్రంలా వినిపిస్తుంది. వాస్తవానికి అది తప్పించుకునే మాట. దీనికి ఎదురుగా, ఫలానా వ్యాపారి చెడ్డవాడు, అతడు పోతే అంతా బాగుపడుతుందన్న వాక్యం కూడా సగం సత్యమే. అతని స్థానంలోకి వచ్చినవాడూ అదే అప్పు ముడిని పట్టుకొని కూర్చుంటే రైతుకు తేడా తెలియదు. సంబంధాన్ని చూడాలి, సంబంధాన్ని కట్టినవాడినీ చూడాలి. ఫిఖ్హ్ ఈ రెంటినీ కలిపే చూసింది.

కనుక పాఠకుడు ఇకమీదట ఏ శాస్త్రంలో ‘నిర్మాణం’ అనే మాట చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఏ సంబంధాన్ని ఉద్దేశించి అంటున్నారు? అది తప్పయితే ఎలా తెలుస్తుంది? దానికి జవాబుదారు ఎవరు? రాతి కట్టడానికీ అణువుకూ మూడవ ప్రశ్న అక్కరలేదు. గ్రంథ వ్యాఖ్యానంలో దానికి జవాబుదారు వ్యాఖ్యాతే. బజారులో ఆ ప్రశ్న ప్రతి తక్‌పట్టీ మీద ఉంటుంది. పొద్దున్నే ఎనుమాముల చేరిన రైతుకు ‘నిర్మాణం’ అన్న మాట తెలియకపోవచ్చు. తన రాశిని ఎవరి దగ్గర దించాలో ఎన్నుకునే హక్కు తనకు ఉన్నదో లేదో మాత్రం బస్తా మూతి విప్పకముందే తెలుసు. ఆ మాటను వాడే పండితుడికీ అది తెలిసి ఉండాలి.